పథకాలు మస్తు.. పంతుళ్లేరీ?

ముసల్మానుల చదువు గురించి మాట వచ్చినప్పుడల్లా తెలుగు సమాజం దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి: 'వాళ్లు పిల్లల్ని మదర్సాకు పంపుతారు.' రెండోది: 'పదేళ్లు నిండగానే మెకానిక్ షెడ్డులో పెడతారు, చదువంటే వాళ్లకు పట్టింపు లేదు.' ఈ మాటలు చెప్పేది మతతత్వవాదులు మాత్రమే అయితే మాకు ఇంత బాధ ఉండేది కాదు. మాతో కలిసి చాయ్ తాగే లౌకిక మిత్రులు కూడా, సభల్లో మా పక్కన కూర్చునే మిత్రులు కూడా ఇదే మాట కొంచెం మెత్తగా చెబుతారు. జవాబు ముందే తయారై ఉన్న చోట ప్రశ్న పుట్టదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం చాలా చిన్నది. మా మొహల్లాలో ఉన్న సర్కారు బడిలో పంతులు ఉన్నాడా?

2005లో కేంద్రం వేసిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. బడి వయసున్న ముస్లిం పిల్లల్లో మదర్సాలకు పోయేవాళ్లు నూటికి ముగ్గురో నలుగురో అని అది తేల్చి చెప్పింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల మధ్య ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు అసలు బడి మొహం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో అని కూడా అదే నివేదిక చెప్పింది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మదర్సాకు పోయింది మూడు నాలుగు శాతం. ఏ బడీ లేకుండా పోయింది ఇరవై అయిదు శాతం. పేపర్లలో, టీవీల్లో, రాజకీయ సభల్లో ఇన్నేళ్లుగా చర్చంతా ఆ మూడు నాలుగు శాతం మీదనే నడిచింది. ఆ ఇరవై అయిదు శాతం ఎవరికీ కనబడలేదు. కనబడితే జవాబుదారీ మౌల్వీ సాబ్ దగ్గర ఆగదు, సర్కారు దాకా పోతుంది.

మన దగ్గర కవితకు విమర్శ ఉంది, కథకు విమర్శ ఉంది. 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది, 'జల్‌జలా' 1998లో వచ్చింది. వాటి మీద వాదోపవాదాలు జరిగాయి. మా గొంతు తెలుగు సాహిత్యంలోకి అట్లా వచ్చింది. కానీ మా పిల్లల బతుకుల్ని రాసేది కవులు కాదు. జీవోలు రాసే అధికారులు, బడ్జెట్ పద్దులు వేసే ఆర్థిక శాఖ. ఆ రాతకు మాత్రం విమర్శకులు లేరు. జీవోకు కూడా ఒక కంఠస్వరం ఉంటుంది. అది ఎవరితో మాట్లాడుతుందో, ఎవరి గురించి మాట్లాడుతుందో, ఎక్కడ నోరు మూసుకుంటుందో చదవడం మనం నేర్చుకోవాలి. నల్లగొండ, పాలమూరు జిల్లాల బడుల దగ్గర నిలబడి ఆ రాతను చదివే ప్రయత్నమే ఇది.

*

ముందు ఈ నేల సంగతి. ఇక్కడ నల్లగొండ, మహబూబ్‌నగర్ అంటున్నది 2016లో ముక్కలు కాకముందున్న పాత జిల్లాల గురించి. 2001 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 44 శాతం. 2011లో 55 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అట్టడుగున ఉన్న జిల్లా ఇదే. 2011 నాటికి కూడా ఆడవాళ్లలో సగం కన్నా ఎక్కువ మందికి చదవడం రాయడం రాదు. నల్లగొండ కొంచెం నయం, 64 శాతం. జిల్లాల విభజన తర్వాత అవే లెక్కల్ని విడగొట్టి చూస్తే జోగులాంబ గద్వాల జిల్లా సగానికి కూడా చేరదు.

ఇందులో ముసల్మానులు ఒంటరిగా లేరు. దళితులు, లంబాడాలు, చెంచులు, బీసీ కులాలు ఇదే పడవలో ఉన్నాయి. పాలమూరు లేబర్ అంటేనే దేశమంతా మట్టి పని చేసే మనుషులు. మేస్త్రీ ముందుగా ఇచ్చిన డబ్బు తీసుకుని తల్లిదండ్రులు ఊరు వదిలిపెడితే, పిల్లల పేర్లు రిజిస్టర్‌లో ఉంటాయి, పిల్లలు ఉండరు. గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి ఆడపిల్లల్ని పెడుతున్న సంగతి 1990ల చివర పరిశోధకులు బయటపెట్టారు. చిన్న వేళ్లు పువ్వును నలపకుండా పట్టుకుంటాయని ఆ పిల్లల్ని పెట్టుకున్నారు. ఈ పేదరికంలో మతం చూసి పంచిన వాటా ఏమీ లేదు.

అయితే ఈ పేదరికంలో మా మీద పడే దెబ్బకు ఇంకో మడత ఉంది. ఈ రెండు జిల్లాల్లో మేం జనాభాలో పదో వంతు కూడా లేం. నల్లగొండ, మిర్యాలగూడ, భువనగిరి, మహబూబ్‌నగర్, గద్వాల, నారాయణపేట లాంటి పట్నాల్లో మొహల్లాలుగా ఉన్నాం. ఊళ్లలోనైతే పది ఇళ్లు, ఇరవై ఇళ్లు. కొందరం ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, వీధిలో మాట్లాడేది తెలుగు. దూదేకుల ఇళ్లలో తల్లి మాటే తెలుగు. ముసల్మాను అంటే ఉర్దూ అని గీత గీస్తే సగం మందిమి గీత బయటే ఉంటాం. ఉర్దూ అక్కర్లేదంటే మిగిలిన సగం మంది నోరు నొక్కినట్టవుతుంది. ఇట్లా చెల్లాచెదురుగా, రెండు నాలుకలతో బతికే జనానికి, తలలు లెక్కపెట్టి బడి ఇచ్చే పద్ధతి పనికిరాదు. మా చదువు మొదట దెబ్బతిన్నది ఇక్కడే.

*

ఉర్దూ సంగతి వచ్చింది కాబట్టి చరిత్రను కూడా దాచకుండా చెప్పుకుందాం. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువుల్ని ఒక దేశీ భాషలో చెప్పి చూపించింది. అది మామూలు సంగతి కాదు. అదే రాజ్యంలో తెలుగింటి పిల్లవాడు నాలుగు తరగతులు దాటి ముందుకు పోవాలంటే తనది కాని భాషతో కుస్తీ పట్టాల్సి వచ్చింది. అది అన్యాయం. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టింది ఆ ఉక్కపోతలోనే. 1930లో జోగిపేటలో ఆయన అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభతో మొదలైన ఉద్యమం తల్లిభాషలో చదువు కావాలని అడిగింది. అడిగినవాళ్లలో చాలామందికి ఉర్దూ, ఫార్సీ క్షుణ్ణంగా వచ్చు. ఉర్దూ మీద ద్వేషంతో వాళ్లు అడగలేదు. పిల్లవాడికి అర్థమయ్యే మాటలో పాఠం చెప్పమన్నారు.

ఇవ్వాళ మేం అడిగేది కూడా అదే. ఒక్క అక్షరం ఎక్కువ లేదు. కానీ మేం అడగగానే రజాకార్లు గుర్తుకొస్తారు, నిజాం గుర్తుకొస్తాడు. మా తాతలు ఆ రాజ్యాన్ని ఏలలేదు. గుర్రాలకు నాడాలు కొట్టారు, దూది ఏకారు, గాజుల మలారం నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగారు, దొరల గడీల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రాజుదీ మాదీ ఒకే మతమైనందుకు 1948 తర్వాత ఆ రాజు పాపాల లెక్క మా పిల్లల పలకల మీద రాశారు.

రాజ్యాంగం మాత్రం మరచిపోలేదు. 1956లో ఏడో సవరణతో 350-ఎ అధికరణం వచ్చింది. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయడం రాష్ట్రాల బాధ్యత అని అది చెప్పింది. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాష చేశారు. బోర్డుల మీద ఉర్దూ అక్షరాలొచ్చాయి. బోర్డు రాసేందుకు పెయింటర్ దొరికాడు. బోర్డు చదవడం నేర్పే పంతులు దొరకలేదు.

*

పంతులు ఎందుకు దొరకలేదు? దీనికి జవాబు నియామకాల పద్ధతిలో ఉంది.

డీఎస్సీలో ఉర్దూ మీడియం పోస్టులు చూపిస్తారు. ఆ పోస్టులకు కూడా మామూలు రోస్టర్ వర్తిస్తుంది. అంటే ఎస్సీలకు, ఎస్టీలకు, వివిధ బీసీ గ్రూపులకు కొన్ని ఉర్దూ మీడియం పోస్టులు పోతాయి. ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూలో డీఎడ్ చేసి, టెట్ పాసైన దళిత, గిరిజన అభ్యర్థులు ఈ జిల్లాల్లో ఎంతమంది ఉంటారు? దాదాపు ఉండరు. పోస్టు ఖాళీగా మిగిలిపోతుంది. తర్వాతి నోటిఫికేషన్‌లో మళ్లీ చూపిస్తారు, మళ్లీ మిగిలిపోతుంది. కాగితం మీద ఉర్దూ బడికి పోస్టు మంజూరై ఉంటుంది. తరగతి గదిలో కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఒకవైపు ఉర్దూ అర్హతలున్న నిరుద్యోగి ఆటో నడుపుతుంటాడు. ఇంకోవైపు దళిత నిరుద్యోగికి తన పేరు మీద ఉన్న పోస్టు ఎన్నటికీ అందదు.

ఈ మాటను రిజర్వేషన్లకు వ్యతిరేకంగా వాడుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు మేం ఆ అవకాశం ఇవ్వం. దళితుల వాటా తీసి మాకు పెట్టమని మేం అడగడం లేదు. ఉర్దూ మీడియంలో ఖాళీగా ఉండిపోయే ప్రతి రిజర్వుడ్ పోస్టుకు బదులు అదే వర్గానికి తెలుగు లేదా ఇంగ్లిష్ మీడియంలో ఒక పోస్టు అదనంగా ఇవ్వండి. ఉర్దూ పోస్టును ఉర్దూ అర్హత ఉన్నవాళ్లతో నింపండి. ఇద్దరికీ ఉద్యోగం వస్తుంది, పిల్లలకు పంతులొస్తాడు. దీనికి కావాల్సింది కొంచెం జీతాల డబ్బు, ఒక జీవో. ఏళ్లుగా ఈ చిక్కు తెలిసి కూడా విప్పకపోవడానికి కారణం ఒక్కటే. ఖాళీ పోస్టుకు జీతం ఇవ్వనక్కర్లేదు. ఆర్థిక శాఖకు ఖాళీ కుర్చీ అంత లాభసాటి బేరం ఇంకోటి లేదు.

ఖాళీల్ని చవకగా నింపే పద్ధతి కొత్తదేం కాదు. 1980లలో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను పెట్టారు. జనం వాళ్లను '398 టీచర్లు' అనే పిలిచారు. ఆ తర్వాత విద్యా వాలంటీర్లు వచ్చారు. తెలంగాణ వచ్చాక వాళ్ల జీతం నెలకు 12 వేలు. ఎన్నో ఉర్దూ బడులు ఆ వాలంటీర్ల ఊపిరితోనే నడిచాయి. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. మళ్లీ తెరిచినప్పుడు వాలంటీర్లను వెనక్కి పిలవలేదు. పంతులు లేని బడికి పిల్లవాడు ఎందుకొస్తాడు? రెండు నెలలు చూస్తాడు, మూడో నెల అబ్బాతో పాటు షెడ్డుకు పోతాడు. అప్పుడు మన మిత్రులు అంటారు, 'చూశారా, వీళ్లకు చదువంటే పట్టింపు లేదు' అని.

ఇక లెక్క మొదలవుతుంది. పిల్లలు తగ్గారు కాబట్టి పంతులు ఎక్కువ అంటారు. హేతుబద్ధీకరణ పేరుతో ఆ ఉన్న ఒక్క పంతుల్నీ ఇంకో బడికి పంపుతారు. పంతులు పోయాడు కాబట్టి పిల్లలు ఇంకా తగ్గుతారు. సమగ్ర శిక్ష కింద బడికిచ్చే గ్రాంటు కూడా తలల లెక్కనే. వంద మంది లోపున్న బడికి ఏడాదికి 25 వేలకు మించి రాదు. అందులోనే సుద్దముక్క, అందులోనే కరెంటు బిల్లు, అందులోనే పగిలిన నల్లా రిపేరు. అరవై మంది పిల్లల దాకా ఉన్న ప్రాథమిక బడిలో ఇద్దరు పంతుళ్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం రాసిపెట్టింది. ఒక్క పంతులు అయిదు తరగతుల్ని లాగుతున్న ప్రతి బడీ ఆ చట్టాన్ని రోజూ ఉల్లంఘిస్తున్న బడే. ఉల్లంఘించేది సర్కారు కాబట్టి కేసు ఉండదు.

*

ఇక్కడ ఎవరైనా ఆపి అడగవచ్చు. 'మీకు గురుకులాలు ఇచ్చారు కదా?' అని.

ఇచ్చారు. ఆ మాట గౌరవంగానే ఒప్పుకుంటాం. తెలంగాణ మైనారిటీ గురుకుల సొసైటీ 2016లో 71 బడులతో మొదలుపెట్టి, మరుసటి ఏడాదికి మొత్తం 204కి చేర్చింది. ఇంగ్లిష్ మీడియం, తిండి, బట్ట, పుస్తకం అన్నీ ఉచితం. ఆడపిల్లలకు విడిగా బడులు. పట్నం దాటని మొహల్లాల నుంచి ఆడపిల్లలు సూట్‌కేసులు పట్టుకుని హాస్టళ్లకు పోయారు. ఇది చిన్న మార్పేమీ కాదు. అమ్మీలు ఏడ్చుకుంటూ పంపించారు, కానీ పంపించారు. చదువంటే పట్టింపు లేదన్న మాటకు ఆ ఆడపిల్లలే జవాబు.

అయినా ఈ గురుకులం అనే ఆలోచనకు ఒక పుట్టుక కథ ఉంది. అది కూడా నల్లగొండ మట్టిలోనే ఉంది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేల్‌లో మొదటి ప్రభుత్వ గురుకుల పాఠశాల పెట్టారు. పరీక్ష పెట్టి తెలివైన పల్లెటూరి పిల్లల్ని ఏరి, వాళ్లను మంచి పంతుళ్ల చేతిలో పెట్టడం ఆ బడి సూత్రం. ఫలితాలు గొప్పగా వచ్చాయి. ఆయనే కేంద్ర మంత్రిగా ఉన్న కాలంలో, 1986 జాతీయ విద్యావిధానంతో, అదే నమూనా నవోదయ అయింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలన్నీ సర్వేల్ బిడ్డలే.

సర్వేల్ నేర్పిన పాఠాన్ని మన ప్రభుత్వాలు సగమే చదివాయి. మంచి పంతుళ్లు, సరిపడా డబ్బు, కడుపునిండా తిండి ఉంటే పేదపిల్లలు ఎవరికీ తీసిపోరు అన్నది ఆ పాఠం. అయితే ఆ మూడింటినీ ప్రతి ఊరి బడికీ ఇవ్వాలన్నది దాని సహజమైన రెండో సగం. ఆ సగాన్ని వదిలేసి, 'పిల్లల్ని ఏరుకుందాం' అన్న ముక్కను మాత్రం పట్టుకున్నారు. ఏరుకున్న పిల్లవాడి మీద ఏడాదికి లక్ష రూపాయలకు పైగా ఖర్చు చేస్తున్నామని 2023 దాకా ఉన్న ప్రభుత్వమే చెప్పుకునేది. ఏరుకోని వంద మంది పిల్లల బడికి గ్రాంటు 25 వేలు. ఒకే మొహల్లా, ఒకే గల్లీ, ఒకే ఇంట్లో అన్నదమ్ములు. సీటొచ్చినవాడికి సర్కారు తల్లి. సీటు రానివాడికి సవతి తల్లి.

ఇంకో సంగతి. మైనారిటీ గురుకులం ప్రవేశం అయిదో తరగతిలో. మరి ఒకటి నుంచి నాలుగు దాకా పిల్లవాడు ఎక్కడ చదవాలి? ఆ పంతులు లేని బడిలోనే. పునాది వేసే చోట తాపీ మేస్త్రీ లేడు, మూడో అంతస్తులో మాత్రం పాలరాయి పరుస్తామంటున్నారు. 4 శాతం రిజర్వేషన్ సంగతి కూడా ఇట్లాంటిదే. 2007 చట్టంతో ముస్లింలలో 14 వెనుకబడిన సమూహాలకు బీసీ-ఇ కింద ఆ వాటా వచ్చింది. హైకోర్టు 2010లో కొట్టేసినా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. దాని వల్ల ఇంజనీర్లు, డాక్టర్లు అయిన మా పిల్లలు ఉన్నారు, ఆ వాటా కాపాడుకోవాల్సిందే. 2017లో దాన్ని 12 శాతం చేస్తూ తెలంగాణ శాసనసభ బిల్లు పాస్ చేసింది, రాష్ట్రపతి ఆమోదం రాలేదు. సభ మొత్తం ఆ పన్నెండు గురించి అరిచింది. ఇంటర్ దాకా చేరుకునే పిల్లవాడికే ఆ వాటా పనికొస్తుంది. నాలుగో తరగతిలో మానేసినవాడికి పన్నెండైనా ఒకటే, నలభై అయినా ఒకటే.

*

ఇప్పుడు ఢిల్లీ రాసిన ఒక కాగితం చదువుదాం. 2008 నుంచి మైనారిటీ పిల్లలకు కేంద్రం ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇచ్చేది. ప్రాథమిక తరగతుల్లో ఇంటి నుంచి బడికి పోయే పిల్లకు నెలకు వంద రూపాయల లెక్కన పది నెలలకు వెయ్యి. అందులో మూడో వంతుకు దగ్గరగా ఆడపిల్లలకు. 2022 చివర్లో దాన్ని ఎనిమిదో తరగతి దాకా ఆపేశారు. కారణం ఏం రాశారు? విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఉచితంగా చదువు ఇస్తోంది కాబట్టి స్కాలర్‌షిప్ అక్కర్లేదని రాశారు.

ఈ వాక్యాన్ని ఒక విమర్శకుడు చదివినట్టు చదవండి. చట్టం హక్కు ఇచ్చింది నిజమే. ఆ హక్కు అమలు కావాలంటే ఇద్దరు పంతుళ్లు కావాలి. పంతుళ్లు లేరు. లేని పంతుల్ని ఉన్నట్టు చూపించి, ఉన్న వెయ్యి రూపాయల్ని తీసేశారు. మమ్మల్ని హక్కు దగ్గరకు పోయినప్పుడు పథకం దగ్గరకు పొమ్మంటారు. పథకం దగ్గరకు పోతే హక్కు ఉంది కదా అంటారు. ఈ రెండు కిటికీల మధ్య తిరుగుతూ మా పిల్లల బాల్యం అయిపోతుంది. అదే నెలల్లో పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా ఆపేశారు. స్వతంత్ర దేశపు మొదటి విద్యామంత్రి పేరుతో ఉన్న ఫెలోషిప్ అది.

రాష్ట్రం చేతిలో ఉన్న ఇంకో కాగితాన్ని దీని పక్కన పెట్టండి. షాదీ ముబారక్ కింద పేదింటి ఆడపిల్ల పెళ్లికి 2018 నుంచి 1,00,116 రూపాయలు. పెళ్లి ఖర్చుతో నడుం విరిగే తల్లిదండ్రులకు అది ఆసరానే. మేం కాదనం. కానీ అదే పిల్ల మూడో తరగతిలో ఉండగా ఆమె చదువు ఖరీదు ఢిల్లీకి వెయ్యి రూపాయలుగా కూడా తోచలేదు, పద్దెనిమిదేళ్లకు పెళ్లి ఖరీదు మాత్రం హైదరాబాద్‌కు లక్ష దాటింది. రెండు ప్రభుత్వాలూ వేరు, పార్టీలూ వేరు. ముస్లిం ఆడపిల్ల గురించి వాళ్ల ఊహ మాత్రం ఒకటే.

*

డబ్బు లేదంటారు. 1964లో వేసిన కొఠారి కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం చదువుకు ఖర్చు చేయమంది. 1968 విద్యావిధానం ఆ మాటను ఒప్పుకుంది. 2020 విద్యావిధానం మళ్లీ అదే 6 శాతం అంది. అరవై ఏళ్లుగా ఒకే వాగ్దానం, ఒకే ఎగవేత. తెలంగాణ తొలి బడ్జెట్‌లో, 2014-15లో, విద్యకు దాదాపు 11 శాతం పెట్టారు. 2024-25లో 2 లక్షల 91 వేల కోట్ల బడ్జెట్‌లో విద్యకు 21,292 కోట్లు. 2025-26లో 3 లక్షల 5 వేల కోట్లకు 23,108 కోట్లు. అంటే ఏడున్నర శాతం. పార్టీ మారింది, ముఖ్యమంత్రి మారాడు. చదువు వాటా కిందికి జారిన చోటే ఉండిపోయింది. రాష్ట్రం తెచ్చుకున్నది నీళ్లు, నిధులు, నియామకాలు అని పాడుకుంటూ. అందులో రెండు ముక్కలు, నిధులు, నియామకాలు, ఈ ఖాళీ కుర్చీ గురించే కదా!

డబ్బు పెట్టిన చోట కూడా ఎక్కడ పెట్టారో చూడాలి. 2022 మార్చిలో వనపర్తిలో 'మన ఊరు - మన బడి' మొదలుపెట్టారు. 7,289 కోట్లు, 26,065 బడులు అన్నారు. గోడలు, సున్నాలు, బల్లలు, మరుగుదొడ్లు. కావాల్సినవే. ఆడపిల్ల బడి మానడానికి మరుగుదొడ్డి లేకపోవడం ఒక కారణమని అందరికీ తెలుసు. కానీ గోడకు కాంట్రాక్టరు ఉంటాడు, బిల్లు ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. పంతులుకు ఇవేవీ ఉండవు, నెల నెలా జీతం మాత్రం ఉంటుంది. అందుకే ఏ ప్రభుత్వానికైనా గోడ మీద ఉన్న ప్రేమ పంతులు మీద ఉండదు. ఇప్పటి ప్రభుత్వం 2024 అక్టోబరులో ఒకప్పటి పాలమూరు జిల్లా కొందుర్గులో యంగ్ ఇండియా సమీకృత గురుకులానికి శంకుస్థాపన చేసింది. ఒక్కో ప్రాంగణానికి సుమారు 200 కోట్లు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలంతా ఒకే ఆవరణలో చదువుతారట. మంచిదే. కలిసి చదవడం కన్నా కావాల్సిందేముంది? మరి ఊళ్లో కలిసి చదవాల్సిన బడి సంగతేంది? 200 కోట్ల ప్రహరీ లోపల కలపడం కన్నా, ఇంటి పక్క బడిలో మొదటి తరగతి నుంచే కలపడం చవక కూడా, న్యాయం కూడా.

*

మా వైపు మాట కూడా చెప్పకపోతే ఈ విమర్శ సగమే అవుతుంది. ఉర్దూ మీద ప్రాణం పెట్టామని చెప్పుకునే మా పెద్దలు ఎందరో తమ పిల్లల్ని కార్పొరేట్ కాన్వెంట్లకు పంపారు. ముషాయిరాల్లో ఉర్దూ తీయదనం గురించి వాహ్వా అంటారు. మొహల్లా ఉర్దూ బడికి పంతులు లేడని కలెక్టరేట్ ముందు కూర్చోమంటే రారు. ఎన్నికల ముందు మా నాయకులు అడిగేవి కార్పొరేషన్ పదవులు, ఇఫ్తార్ దావత్‌లు, ఖబ్రస్తాన్ ప్రహరీ గోడలు. చచ్చినవాళ్లకు గోడ అడిగినంత గట్టిగా బతికున్న పిల్లలకు బడి అడగలేదు. ఉర్దూను షరీఫుల భాషగా దాచుకున్నవాళ్లే, దూదేకుల పిల్లవాడు తెలుగులో కలిమా చదివితే నవ్వారు కూడా.

లౌకిక మిత్రులకు కూడా ఒక మాట. కామన్ స్కూల్ కావాలని హరగోపాల్ లాంటి వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. మేం ఆ డిమాండ్ వెంట ఉన్నాం. కలెక్టర్ కొడుకూ, పంక్చర్ షాపు కొడుకూ ఒకే బల్ల మీద కూర్చునే రోజు మాకంటే ఎక్కువగా ఎవరికి కావాలి? కానీ ఆ ఉమ్మడి బడిలో మా భాషకు ఒక పీరియడ్ ఉంటుందా? వాచకంలో మా పండగ ఒక పాఠంగా ఉంటుందా, లేక మేం చరిత్ర పాఠంలో దండయాత్రలప్పుడు మాత్రమే వస్తామా? ఉమ్మడి అంటే అందరూ ఒకరిలా మారడం అయితే, అది ఉమ్మడి కాదు. ఈ సంగతి ఉద్యమం మొదట్లోనే తేల్చుకోవాలి. బడి కట్టాక పీరియడ్ అడిగితే, 'మళ్లీ మతం తెచ్చారు' అంటారు.

మేం అడిగేవి నాలుగు మాటలు. ఖాళీగా మిగిలే ఉర్దూ పోస్టుల చిక్కు విప్పండి, దళితులకు నష్టం లేకుండా. చెల్లాచెదురుగా ఉన్న చిన్న జనానికి తలల లెక్క కాకుండా దూరం లెక్క పెట్టండి, ఇరవై మంది పిల్లలున్నా ఇద్దరు పంతుళ్లను ఉంచండి. ఉర్దూ బడి పెట్టలేని ఊళ్లో తెలుగు బడిలోనే ఉర్దూ చెప్పే ఒక పంతుల్ని ఇవ్వండి, రెండు మూడు బడులకు కలిపి ఒకరినైనా సరే. గురుకులాల మీద పెట్టే డబ్బు తగ్గించకండి, దాని పక్కన మామూలు బడికి కూడా పిల్లవాడి లెక్కన ఎంత పెడుతున్నారో ప్రతి ఏడాదీ శాసనసభలో చెప్పండి. 2024లో వేసిన తెలంగాణ విద్యా కమిషన్ ముందుకు మన సంఘాలు తీసుకుపోవాల్సింది ఈ నాలుగు మాటలే. శాలువాలు, బొకేలు కాదు.

ఇన్నాళ్లూ బడ్జెట్ రాగానే మైనారిటీ సంక్షేమం పద్దు ఎంత పెరిగిందో చూసుకుని సంబరపడ్డాం, తగ్గితే ఏడ్చాం. ఆ పద్దు మాకు అవసరమే. కానీ మా పిల్లలు మొదట ఈ రాష్ట్రపు పిల్లలు. వాళ్ల పేరు పాఠశాల విద్య పద్దులో ఉండాలి. వచ్చే బడ్జెట్ నాడు మొదట ఆ పేజీ తెరుద్దాం. అక్కడ మా మొహల్లా బడి పంతులు జీతం ఉందా లేదా అని అడుగుదాం, మౌల్వీ సాబ్‌ను కాదు, ఆర్థిక మంత్రిని.